ముగ్గు పోయకముందే

అనుమతి కాగితం చేతికొచ్చింది. క్యూఆర్ కోడ్ ఉంది, ప్లాను ఉంది, ఇంటి యజమాని సంతకం ఉంది. సోమవారం పొద్దున తిరుత్తణి శివార్లలోని ఆ ఖాళీ స్థలంలో సున్నంతో ముగ్గు పోసి, గుంతలు తవ్వడం మొదలుపెట్టాలి. శనివారం రాత్రి భోజనాలయ్యాక డల్లాస్ నుంచి కొడుకు ఫోన్ చేశాడు.

"నాయనా, ఇంకో అంతస్తు వేద్దాం."

నిరుడు ఆషాఢానికి ముందు జరిగిన సంగతి ఇది. తమ పేర్లు రాయవద్దని ఆ ఇంటివాళ్లు కోరారు కనుక రాయడం లేదు. పెద్దాయన బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. కూతురు తిరువళ్లూరులో ఉంటుంది, బ్యాంకులో ఇళ్ల అప్పులు చూసే విభాగంలో ఉద్యోగం. ఆ వారం రోజులూ ఎవరేమన్నారో ఇద్దరినీ విడివిడిగా అడిగి తెలుసుకుని ఇక్కడ కూర్చాను.

స్థలం పెద్దాయన తండ్రి కొన్నది. ఆ దస్తావేజు తెలుగులో ఉంది, ఎందుకంటే రాసిననాటికి తిరుత్తణి చిత్తూరు జిల్లా ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు అటు వెళ్లిన ఈ ప్రాంతం, మధ్యవర్తి పటాస్కర్ సిఫారసుల మీద వచ్చిన సరిహద్దుల చట్టంతో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో చేరింది. తరువాత వచ్చిన పట్టా తమిళంలో ఉంది. ఇంటి ప్లాను ఇంగ్లీషులో ఉంది. మూడు భాషల్లోని ఆ మూడు కాగితాలనూ పెద్దాయన ఒకే సంచిలో భద్రంగా దాచాడు. సరిహద్దు తాలూకా తెలుగు ఇళ్లలో ఇలాంటి సంచులు ఇంకా చాలా ఉన్నాయి.

స్థలం 40 అడుగులు, 60 అడుగులు. అంటే 2400 చదరపు అడుగులు. కింద ఒక ఇల్లు, మేడ మీద ఒక ఇల్లు, ఒక్కొక్కటి 1450 చదరపు అడుగులని లెక్క వేసుకున్నారు. తమిళనాడు ప్రభుత్వం 2024 జూలై 22న మొదలుపెట్టిన స్వీయ ధ్రువీకరణ పద్ధతి వాళ్లకు అచ్చంగా సరిపోయింది. అప్పటి నిబంధన ప్రకారం స్థలం 2500 చదరపు అడుగులు మించకూడదు. కట్టడం 3500 దాటకూడదు. కింది అంతస్తు, పైన ఒక్క అంతస్తు, ఎత్తు 7 మీటర్ల లోపు. ఈ హద్దుల్లో ఇల్లు కట్టుకునేవాడు సింగిల్ విండో పోర్టల్‌లో పత్రాలు, ప్లాను పెట్టి డబ్బు కడితే వెంటనే అనుమతి వస్తుంది. ముందుగా ఏ అధికారీ స్థలానికి వచ్చి చూడడు. తెలంగాణలో 2020లో టీఎస్ బీపాస్ వచ్చినప్పుడు చిన్న ఇళ్లకు ఇలాంటి వెసులుబాటే ఇచ్చారు. మామూలు మనిషిని ఆఫీసుల చుట్టూ తిప్పకుండా, అతని మాటను నమ్మి అనుమతి ఇవ్వడం మంచి పని అని నా గట్టి అభిప్రాయం. అయితే ఆ నమ్మకం యజమాని పెట్టిన సంతకం మీద నిలబడింది.

కొడుకు కోరికలో అన్యాయం ఏమీ లేదు. నాలుగైదేళ్లలో తిరిగొచ్చేస్తానని అంటున్నాడు. చెల్లెలు తిరువళ్లూరులో ఉన్నా ఎప్పటికైనా పుట్టింటికి దగ్గరగా ఉండాలనుకుంటుంది. కింద అమ్మానాన్నలు, పైన చెల్లెలు, ఆ పైన తాను. డబ్బు తానే పంపుతానన్నాడు. తల్లికి ఆ మాట విని కడుపు నిండిపోయింది.

"వాడొస్తానంటా ఉండాడు కదండీ, ఇంకేం కావాల?" అంది.

ఆదివారం పొద్దున్నే మేస్త్రిని పిలిపించారు. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల ఇళ్లు కడుతున్న మనిషి. మోసగాడు కాదు, పని దొంగా కాదు. విన్న వెంటనే తేలిగ్గా చెప్పేశాడు.

"దానికేం సార్, గుంతలు ఇంకో రెండడుగులు లోతు తీద్దాం. పిల్లర్‌కి రెండు కడ్డీలు ఎక్కువేద్దాం. కాగితంలో రెండంతస్తులు అట్లే ఉండనీ. లేచినాక ఎవురొచ్చి కొలస్తారు? ఈ వీధిలో చూడండి, అందరూ అట్లే కట్టుకోనుండారు."

పెద్దాయన వీధి వైపు చూశాడు. మేస్త్రి అన్నది నిజమే. మేడ మీద మేడ వేసుకున్న ఇళ్లు అటూ ఇటూ కనబడుతున్నాయి. సరేననబోయి, ఎందుకో కూతురితో ఒక మాట చెప్పాలనిపించి ఫోన్ చేశాడు. ఆ ఫోన్ చేయకపోయి ఉంటే సోమవారం ముగ్గు పడేది.

"నాయనా, ఎవురూ ఏ పనీ మొదలుపెట్టొద్దు. రేపు నువ్వు ఇక్కడికి రా. ప్లాన్ గీసిన మేడమ్ దగ్గరికి పోదాం," అంది కూతురు. అంతకు మించి ఫోన్లో ఏమీ చెప్పలేదు. తల్లి మాత్రం ఊరుకోలేదు. "రేపటి ముహూర్తం పోతే ఆషాఢం వస్తాది, దాని వెనకాలే ఈళ్ల ఆడి మాసం వస్తాది. ఆవణి దాకా మట్టి ముట్టుకోను లేదు," అని బాధపడింది. తిరుత్తణి తెలుగు ఇళ్లకు ఇదొక చిక్కు. మన ఆషాఢం చాంద్రమానంతో ముందు మొదలవుతుంది, తమిళుల ఆడి సౌరమానంతో తరువాత ముగుస్తుంది. రెండూ పాటించే ఇంట్లో దాదాపు రెండు నెలలు శుభకార్యం ఉండదు.

సోమవారం ముగ్గు పోయాల్సిన వేళకు పెద్దాయన రైల్లో ఉన్నాడు. అరక్కోణం మీదుగా తిరువళ్లూరు చేరి, కూతురితో కలిసి ఇంజనీరు ఆఫీసుకు వెళ్లాడు. ఇంజనీరు తమిళావిడ. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడితే మధ్యలో తమిళం కలుస్తుంది. పెద్దాయన చెప్పింది ఓపికగా విని, పాత ప్లాను బల్ల మీద పరిచింది.

"సార్, మీ మేస్త్రి లోతు గురించి చెప్పారు. నేను బరువు గురించి చెప్తాను," అని లెక్క మొదలుపెట్టింది.

1450 చదరపు అడుగులంటే సుమారు 135 చదరపు మీటర్లు. అయిదు అంగుళాల మందం స్లాబు. కడ్డీలు వేసిన కాంక్రీటు ఘనపు మీటరు రెండున్నర టన్నులు తూగుతుంది. ఆ లెక్కన స్లాబు ఒక్కటే దాదాపు 43 టన్నులు. ఇళ్లలో తిరిగే మనుషులకు, సామాన్లకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు వేసుకోమని మన దేశపు కోడ్ చెబుతుంది. అది మరో 27 టన్నులు. గోడలు, బీములు, గచ్చు, పైన నీళ్ల ట్యాంకు ఇంకా ఇందులో కలపలేదు. ఇదంతా పిల్లర్ల మీదుగా దిగి పునాది కింది మట్టిని నొక్కుతుంది.

"లోతు తీస్తే సరిపోదు సార్. మట్టి ఎంత మోస్తుందో ముందు తెలియాలి. దాన్నిబట్టి పిల్లర్ అడుగున ఫుటింగ్ ఎంత వెడల్పు ఉండాలో తేలుతుంది. మీ స్థలం ఒకప్పుడు వరి మడి. కొండ పక్కన రాయి ఉండొచ్చు, మీ దగ్గర బంకమట్టి ఉంది. రెండంతస్తులకు నేను వేసిన ఫుటింగ్ మూడింటికి చాలదు. రెండు కడ్డీలు ఎక్కువ వేస్తే చాలుతుందని ఏ లెక్కా చెప్పదు."

"మా కాలంలో ఇంజనీరు లేకుండానే కట్టినారు కదమ్మా. అవి నిలబడే ఉండాయి," అన్నాడు పెద్దాయన. వాదనకు కాదు, నిజంగా తెలుసుకోవాలని.

"నిలబడ్డాయి సార్. ఆ ఇళ్లలో బరువు మోసింది గోడలు. అడుగున్నర మందం గోడ నేల పొడుగునా బరువును పంచుతుంది. ఇప్పుడు మనం కట్టేది పిల్లర్ల మీద. మొత్తం బరువు కొన్ని చోట్ల మాత్రమే దిగుతుంది. అక్కడ తప్పు చేస్తే సర్దుకోవడానికి ఇంకేమీ లేదు."

ఆ తరువాత ఆవిడ మౌలివాక్కం మాట ఎత్తింది. తిరువళ్లూరు వైపు కట్టడాల పనిలో ఉన్నవాళ్లెవరూ ఆ పేరు మరచిపోలేదు. 2014 జూన్ 28, శనివారం సాయంత్రం, చెన్నై పోరూరు పక్కన మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం వానలో కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన మన కూలీలు. శిథిలాల కింద వెతుకులాట దాదాపు వారం సాగింది. పిడుగు పడి కూలిందని మొదట్లో కట్టినవాళ్లు చెప్పారు. తరువాత నిపుణులు పరిశీలిస్తే డిజైన్‌లోనే లోపాలు బయటపడ్డాయి. పక్కనే ఉన్న జంట భవనం కూడా నమ్మదగ్గది కాదని తేలి, 2016 నవంబర్ 2న పేలుడు పదార్థాలతో దాన్ని కూల్చేశారు. మౌలివాక్కం కూలిన ఎనిమిది రోజులకే, జూలై 6న, ఈ తిరువళ్లూరు జిల్లాలోనే రెడ్ హిల్స్ దగ్గర ఒక గోదాము గోడ పడి మరో 11 మంది కూలీలు చనిపోయారు. వాళ్లూ ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లే.

పెద్ద భవనానికీ తిరుత్తణిలో పంతులుగారి ఇంటికీ పోలికేమిటని కొందరు అడగవచ్చు. పోలిక ఉంది. గుంతలో దిగి కడ్డీలు కట్టేది అదే జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లు. సెంట్రింగ్ కింద నిలబడేదీ వాళ్లే. మూడో అంతస్తు లెక్కలో లేని పునాది మీద మూడో స్లాబు పోసే రోజున మొదటి ప్రమాదం యజమానిది కాదు, వాళ్లది. ఇళ్లు కట్టుకునేవాళ్లు ఈ సంగతి మరచిపోతున్నారన్నదే నా బాధ.

పెద్దాయన మెత్తబడ్డాడు. "అయితే మీరే డిజైన్ మార్చండి, పునాది మూడింటికి వేద్దాం. కాగితం మాత్రం అట్లే ఉండనిద్దాం, పై అంతస్తు సంగతి తరువాత చూద్దాం," అన్నాడు. చాలామంది ఆగే చోటు ఇదే. పునాది గట్టిగా ఉంటే చాలు, కాగితంతో పనేముంది అనుకుంటారు.

ఇంజనీరు పెన్సిల్ తీసి ప్లానులో పక్క గోడ మీద గీత గీసింది. "ఈ గోడ ఇక్కడ ఉండదు సార్."

7 మీటర్ల లోపు ఇంటికి చుట్టూ వదలాల్సిన ఖాళీ తక్కువ. ఎత్తు ఆ హద్దు దాటితే ఖాళీ పెరుగుతుంది. తమిళనాడు 2019లో తెచ్చిన ఉమ్మడి భవన నిబంధనల పద్ధతి అది. మూడంతస్తుల ఇల్లు పది మీటర్ల దాకా లేస్తుంది. అంటే పైన అంతస్తు వేయాలంటే కింద గోడే లోపలికి జరగాలి. గోడ జరిగితే పిల్లరు జరుగుతుంది, పిల్లరు జరిగితే గుంత జరుగుతుంది. పాత ప్లాను ప్రకారం ముగ్గు పోసి పునాది వేసేస్తే, తరువాత ఎంత డబ్బు పెట్టినా పై అంతస్తుకు సక్రమమైన అనుమతి రాదు. ఒక్క సోమవారం పొద్దున తొందరపడితే కొడుకు ఇల్లు శాశ్వతంగా అక్రమ కట్టడం అయిపోయేది.

అంతస్తులు మూడైతే మొత్తం 4350 చదరపు అడుగులు. 3500 హద్దు దాటింది, ఎత్తూ దాటింది. స్వీయ ధ్రువీకరణ కింద వచ్చిన అనుమతి ఇక పనికిరాదు. మామూలు దారిలో కొత్తగా దరఖాస్తు పెట్టాలి, అధికారులు పరిశీలించాలి, ఫీజులు కట్టాలి. స్థలానికి రెండింతల దాకా కట్టుకోవచ్చు కనుక 4800 వరకు ఇబ్బంది లేదు. గోడలు జరిపితే గదులు చిన్నవవుతాయి, అంతే.

కూతురు తన వైపు నుంచి ఒక్క మాటే చెప్పింది. "నాయనా, ఆ పోర్టల్‌లో రెండంతస్తులే కడతానని సంతకం పెట్టింది నువ్వు. తప్పు జరిగితే మేస్త్రిని అడగరు, నిన్ను అడుగుతారు." బ్యాంకు పని ఆమెకు ఇవన్నీ నేర్పింది. అప్పు విడతలు విడుదల చేసే ముందు వాల్యూయర్ వచ్చి కట్టడాన్ని ప్లానుతో పోల్చి చూస్తాడు. తేడా ఉంటే విడత ఆగుతుంది. రేపు అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా అదే ప్రశ్న. 1971 నాటి తమిళనాడు పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టంలో అనుమతి లేని కట్టడాన్ని ఆపే అధికారం, తొలగించమనే అధికారం రెండూ ఉన్నాయి. ఆమోదించిన ప్లానును కట్టడం జరిగినంత కాలం స్థలం దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలని, బిల్డర్లు పూర్తి ధ్రువపత్రం వచ్చాకే ఇల్లు అప్పగించాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబర్ 17న ఒక తీర్పులో దేశమంతటికీ ఆదేశాలిచ్చింది.

ఆ రాత్రి డల్లాస్‌కు ఫోన్ చేశారు. గంట సేపు వాదన జరిగింది.

"రెండు నెలలు ఆగాలా? ఆడ అందరూ అట్లే కట్టుకుంటా ఉంటే మనకే ఎందుకు నాయనా ఈ తిప్పలు? డబ్బు నేను ఇస్తా ఉండాను కదా!"

ఫోన్ కూతురు తీసుకుంది. "అన్నా, నువ్వు అక్కడ కొత్త ఇల్లు కట్టించుకున్నావు కదా. పునాదిలో కాంక్రీటు పోసే ముందు ఏం జరిగింది?"

అవతల కాసేపు మాట లేదు. "సిటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసిపోయినాడు."

"ఆయన చూడకుండా పోసి ఉంటే?"

"పగలగొట్టించేవాళ్లు."

"మరి మన నాయన ఇంటికి ఆ మాత్రం జాగ్రత్త వద్దా?"

కొడుకు వెంటనే ఒప్పుకోలేదు. అక్కడ వ్యవస్థ వేరు, ఇక్కడ వేరు అన్నాడు. అప్పుడు చెల్లెలు నోయిడా కథ చెప్పింది. బ్యాంకుల్లో ఇళ్ల అప్పులు చూసేవాళ్లకు అది బాగా తెలిసిన కథ. నోయిడాలో ఎమరాల్డ్ కోర్ట్ అనే ఇళ్ల సముదాయానికి 2005లో అనుమతి వచ్చినప్పుడు కింది అంతస్తు, పైన తొమ్మిది అంతస్తుల చొప్పున 14 టవర్లు. ఆ ప్లానును మళ్లీ మళ్లీ మార్చారు. రెండు కొత్త టవర్లు వచ్చి చేరాయి. 2009 సవరణలో వాటికి 24 అంతస్తులు, 2012 సవరణలో 40 అంతస్తులు. 2009 నవంబర్‌లో సవరణకు అనుమతి రాకముందే జూలైలో పని మొదలైపోయింది. టవర్ల మధ్య ఉండాల్సిన దూరం లేదు. అప్పటికే అక్కడ ఇళ్లు కొనుక్కున్నవాళ్ల సమ్మతి తీసుకోలేదు. ఆ ఇళ్లవాళ్లే సంఘంగా కూడి కోర్టుకెళ్లారు. 2014లో అలహాబాద్ హైకోర్టు కూల్చమంది, 2021 ఆగస్టు 31న సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. 2022 ఆగస్టు 28న దాదాపు 3700 కిలోల పేలుడు పదార్థాలు పెట్టి, వంద మీటర్ల ఎత్తున్న ఆ రెండు టవర్లను కొన్ని సెకన్లలో నేలమట్టం చేశారు. దేశమంతా టీవీల్లో చూసింది. ఆ కథ విన్నాక కొడుకు మరి వాదించలేదు.

అక్కడ ప్లాను మార్చడమే నేరం కాలేదు. పక్కవాళ్ల గాలీ వెలుతురూ తినేసేలా మార్చడం, అడగాల్సినవాళ్లను అడగకపోవడం, అనుమతికి ముందే మట్టి తవ్వడం నేరాలయ్యాయి. బిల్డర్లను నియంత్రించే రెరా చట్టం 14వ సెక్షన్ కూడా ఈ మాటే అంటుంది. ఒకసారి ఆమోదించిన ప్లానును కొన్నవాళ్ల సమ్మతి లేకుండా బిల్డర్ మార్చకూడదు, మొత్తం ప్రాజెక్టు ప్లానైతే మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. సొంతిల్లు కట్టుకునేవాడికి ఆ సెక్షన్ వర్తించదు. అయినా పక్కింటివాడు ఉన్నాడు కదా.

పెద్దాయన మరునాడు చేసిన పని నాకు ఎంతో నచ్చింది. ఇంకా ఏ దరఖాస్తూ పెట్టకముందే పక్కింటి తలుపు తట్టాడు. మూడంతస్తులు వేయాలనుకుంటున్నానని, తమ గోడ వాళ్ల హద్దుకు ఇంకాస్త ఎడంగా జరుగుతుందని ప్లాను చూపించి చెప్పాడు. ఆ ఇంటాయన తమిళుడు. కాగితం తిప్పి చూసి, వంటింటి కిటికీకి ఎదురుగా మెట్లు రాకుండా చూడమని అడిగాడు. ఇంజనీరు మెట్లను అవతలి వైపుకు మార్చింది. తల్లి కోరినట్టు మెట్లు ఇంటి బయట నుంచి ఎక్కేలా వచ్చాయి. వాస్తు చూసే ఆయన కూడా తల ఊపాడు. కాగితం మీద ఇవన్నీ చెరిపి గీయడానికి ఇంజనీరు ఫీజు తప్ప ఇంకేమీ ఖర్చు కాలేదు. కట్టాక ఇదే మార్పు చేయాలంటే గోడలు పగలగొట్టాలి.

మట్టి పరీక్ష చేయించారు. ఫుటింగులు వెడల్పయ్యాయి, పిల్లర్లు లావయ్యాయి, కొడుకు పడకగది కొంచెం చిన్నదైంది. మేస్త్రికి ఇంజనీరే స్వయంగా కొత్త డ్రాయింగు వివరించింది. అతను శ్రద్ధగా విని, ఏ పిల్లరు ఎక్కడికి జరిగిందో తన నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఎవరూ ఏమీ కొలవరన్న మాట మళ్లీ అనలేదు. పద్ధతి ప్రకారం చెప్పేవాళ్లుంటే పద్ధతి ప్రకారం కట్టే పనివాళ్లు మన దగ్గర ఉన్నారు.

పాత అనుమతిని పక్కనపెట్టి కొత్త దరఖాస్తు పెట్టారు. ఆషాఢం గడిచింది, ఆడి గడిచింది. ఆడి కృత్తికకు కావళ్లు మోసుకుంటూ తిరుత్తణి కొండెక్కే జనంతో ఊరు నిండి, మళ్లీ ఖాళీ అయ్యింది. ఎలాగూ మట్టి ముట్టుకోని ఆ రోజుల్లోనే కాగితాల పని చాలావరకు సాగింది. కొత్త అనుమతి ఆవణిలో వచ్చింది. ఆ తరువాతే స్థలంలో సున్నం పడింది. ఇప్పుడు అక్కడ రెండో స్లాబు పూర్తయింది.

ఈ ఏడాది ఇల్లు మొదలుపెట్టబోతున్న పాఠకులు ఒక పని చేయండి. మీ దగ్గర రెండు కాగితాలుంటాయి, అనుమతి వచ్చిన ప్లాను ఒకటి, ఇంజనీరు ఇచ్చిన పునాది డ్రాయింగు ఇంకొకటి. రెండింటిలోనూ అంతస్తుల సంఖ్య ఒకటేనా, పక్క గోడ ఉన్న చోటు ఒకటేనా, మీరు నిజంగా కట్టాలనుకుంటున్నది కూడా అదేనా అని చూసుకోండి. తేడా ఉంటే మేస్త్రిని ఆపండి, ఇంజనీరును పిలవండి, సవరించిన ప్లానుకు అనుమతి తెచ్చుకోండి. గుంత తవ్వేది ఆ తరువాతే.